దాటేసిన ఒక్క మాట

తొందరేం లేదు, నెమ్మదిగానే రా, అని అతను నడిపోడితో అన్నాడు. పైకే అన్నాడు. ఆ హాల్లో ఫ్యాన్ల హోరుకి మనిషి మాట మనిషికే వినపడదు, ఇక మిషన్‌తో మాట్లాడితే పిచ్చివాడనుకునేదెవరు. నడిపోడంటే మూడు సర్వర్లలో మధ్యది. పైన పెద్దోడు, కింద చిన్నోడు, మధ్యలో వీడు. వాటికి అంకెలతో సహా పొడుగాటి పేర్లున్నాయి గాని, అలా పిలిస్తే ఏది ఏదో ఎవరికీ గుర్తుండక ఎప్పుడో అన్నదమ్ముల్ని చేసేశారు. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే బస్సుల్లో సీట్లు అమ్మే కంపెనీ అది. ఏ సీటు ఎవరికి పోయిందో ముగ్గురూ ఒకే లెక్క రాసుకుంటారు, ముగ్గుర్నీ కలిపి క్లస్టర్ అంటారు, ఒకడు పడిపోయినా తక్కిన ఇద్దరూ సంసారం లాక్కొస్తారు. నడిపోడికి కరెంటు అందించే పెట్టె కాలిపోయింది. కొత్తది రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ వాడు కళ్ళు మూసుకుని, ఒక్క దీపమైనా వెలక్కుండా ఆ అరలో పడి ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. లేచినవాణ్ణి లేచినట్టే పనిలో పెట్టకూడదు, ఈ ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ అతను మొదటిరోజే చెప్పే మాట అది. వాడికి తాను పడిపోయిన మధ్యాహ్నమే ఇంకా నడుస్తోంది. ఫలానా బస్సులో కిటికీ సీటు ఖాళీయేనా అని అడిగితే ఖాళీయే అంటాడు, తడుముకోకుండా అంటాడు, అది ఎప్పుడో అమ్ముడుపోయి ఆ మనిషి ఊరు చేరి తిరిగి కూడా వచ్చేసి ఉంటాడు. వాడు అబద్ధం ఆడడం లేదు, వాడికి తెలిసిన నిజం పాతబడిపోయింది, అంతే. అందుకే వాడు లేని రోజుల్లో ఏం జరిగిందో, ఏది ముందు ఏది వెనక, వరస తప్పకుండా వాడికి చెప్పాలి. అంతా విన్నాకే పని.

మీ బావ తిన్నారా, అంది అక్క. గొంతులోంచి గొట్టం తీశాక మొదటి మాట అదే. గొంతు గరుగ్గా ఉంది, తన గొంతులా లేదు, కానీ ప్రశ్న మాత్రం తనదే, పద్దెనిమిదేళ్ళుగా రోజూ ఈ వేళకి అడిగే ప్రశ్నే. అతను మంచం పక్కన నిలబడి ఉన్నాడు. అమ్మ గుమ్మం దగ్గర ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని వెంటనే బయటికి వెళ్ళిపోయింది. డాక్టరు అంతకుముందే చెప్పాడు, ఇప్పుడే గండం గడిచింది, కొన్నాళ్ళు మనసుకి దెబ్బ తగిలే మాటేదీ చెప్పకండి అని. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆయనా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. తిన్నాడక్కా, అన్నాడతను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. పక్క బిల్డింగులో ఉన్నాడు, కాలు విరిగింది, కదలకూడదన్నారు. అంతే, ఒక్క అబద్ధం, అది పిల్లల్ని పెట్టడానికి ఎంతసేపు. బావ బండి మీద ఇద్దరూ వెళ్ళారు, గోడకి వేసే రంగు చూసి రావడానికి, ఎవరిదో కారు మలుపు తిరిగేటప్పుడు వీళ్ళని చూసుకోకుండా గుద్దేసింది. అక్క తల రోడ్డుకి తగిలి వారాలపాటు కళ్ళు తెరవలేదు. బావ మాట్లాడుతూనే ఆసుపత్రికి వచ్చాడు, చూసినవాళ్ళంతా ఈయనకేం ఫరవాలేదు, ఆవిడకే కష్టం అన్నారు. మర్నాడు పొద్దునకి లోపల కారిన రక్తంతో బావే పోయాడు. అక్క ఆసుపత్రిలో ఊపిరి మిషన్ మీద ఉండగానే బావని సాగనంపి వచ్చారు. ఆమెకి మాత్రం ఇంకా ఆ సాయంత్రమే, ఇంకా రంగు చూసి రావాలి. నీలం వద్దని చెప్పు మీ బావకి, గది చిన్నదైపోతుంది, అని చెప్పి పంపింది మొదటిరోజు.

అలా మొదలైంది. పొద్దున ఒక మాట ఇచ్చి పంపేది, సాయంత్రం జవాబు కోసం చూసేది. అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని బావ జవాబు తయారుచేసుకుని పైకి వెళ్ళేవాడు. నీలం వద్దులే నీ ఇష్టమే అన్నాడు. మందులు వేళకి వేసుకోమన్నాడు. నువ్వు తిని పడుకో, నా గురించి బెంగ పెట్టుకోకు అన్నాడు. ఇది చెప్పినప్పుడు అక్క అతని మొహంలోకి కాసేపు చూసి, అలాగన్నారా, అని ఊరుకుంది. అతను బరువు దిగిందనుకుని మెట్లు దిగాడు. బావ లిఫ్టు మెకానిక్. మనిషి ఎప్పుడూ గ్రీజు వాసన, ఎప్పుడూ ఎకసెక్కం. నా ఉద్యోగంలో పైకి పోతాం, కిందికి వస్తాం, ముందుకి మాత్రం పోం బామ్మర్దీ, అనేవాడు జీతం పెరగనప్పుడల్లా. మూడు సర్వర్లు ఎందుకని అడిగి, చెప్పాక తల గీరుకుని, ఒకే సీటుకి ముగ్గురు గుమాస్తాలా, నా లిఫ్టుల్లో అరవైమంది ప్రాణాలకి నేనొక్కణ్ణే, అన్నాడు. అక్క బండి వెనక కూర్చుని ఏ ఎద్దు కనపడినా, ఏ పిల్లి అడ్డమొచ్చినా తన కుడికాలు కింద గట్టిగా నొక్కేది, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. ఏమండీ చూడండి, బ్రేకు వెయ్యండి, అని వెనక నుంచి పాట. అది చూసి బావ, మా బండికి డ్రైవర్లిద్దరు, జీతం ఒక్కడికే, అనేవాడు. అలాంటి మనిషి చేత అతను, బెంగ పెట్టుకోకు, అనిపించాడు. చచ్చిపోయినవాడి నోట్లో పెట్టే మాట కదా, కాస్త మంచిమాట పెడదాం అనుకున్నాడు. ఆ మంచితనంలో బావ మిగల్లేదు.

నిన్న సాయంత్రం అక్క కొత్త మాట చెప్పి పంపింది. మీ బావని ఒకటి అడిగి రా. పెళ్ళైన కొత్తలో, ఆయన పనిచేసే బిల్డింగు చూపిస్తానని తీసుకెళ్ళి, ఇద్దరం లిఫ్టులో ఇరుక్కుపోయాం. చీకట్లో అప్పుడు నాతో ఒక మాటన్నారు. అదేమిటో అడుగు. రేపు నాలుగింటికి వీల్‌చైర్లో కూర్చోబెడతారట, నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళు, కానీ ముందు ఆ మాట తీసుకురా. రాత్రంతా అతను కళ్ళు తెరుచుకుని ఆ లిఫ్టులోనే ఉన్నాడు. ఏమని ఉంటాడు బావ. భయపడకు అని ఉంటాడా, అనడు. తాడు నేనే బిగించాను, అని ఉంటాడా. పొద్దున్నే బావతో పనిచేసినాయన దగ్గరికి వెళ్ళి అడిగితే ఆయన పాపం నవ్వబోయి, నవ్వు సగంలో మొహం తిప్పేసుకున్నాడు. తెలీదు. ఎవరికీ తెలీదు. ఈ హాల్లో ప్రతి చెత్త సంగతీ మూడుచోట్ల రాసి ఉంటుంది, ఎవడో టికెట్ కొనబోయి మానుకున్న సంగతి కూడా. ఆ చీకట్లో అన్న మాట ఇద్దరి దగ్గరే ఉంది, ఆ ఇద్దరిలో ఒకడు పోయాడు. కల్పించి చెబితే అక్క దగ్గర అసలుది ఉంది, పక్కన పెట్టి చూస్తుంది. అతనికి ముక్కు కారుతోంది. ఈ హాలు చలికి అందరికీ ముక్కు కారుతుంది, అదొక సుఖం ఇక్కడ, ఏడ్చినా ఎవరూ అడగరు.

అద్దాల తలుపు తోసుకుని షిఫ్టు ఇంచార్జి వచ్చింది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఉంటుందామె, ఎండాకాలమైనా. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మొహమాటపడుతూ నిలబడింది. సార్, నడిపోడి లెక్క మిగతా ఇద్దరితో కలవట్లేదు, అంది. అతను తెర వైపు చూశాడు. మార్పులన్నీ ఎక్కినట్టే ఉంది, వాడు వర్తమానానికి దగ్గరికొచ్చేశాడు. మరి ఎక్కడ తేడా, అన్నాడు. ఒక బస్సు సార్, అందామె. ఉత్తరం వైపు పోయే ఒక బస్సుని మనవాళ్ళు తీసేశారు కదా, మొత్తానికే. పెద్దోడి దగ్గరా చిన్నోడి దగ్గరా లేదు. వీడి దగ్గర ఇంకా ఉంది. సీట్లు కూడా చూపిస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం, ఇదే కుర్చీ. మార్పులు వరసగా ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట ఒకటి మొరాయించింది, దానికి సరిపడా చోటు డిస్కులో లేక. చోటు చేసి, దాన్నే మళ్ళీ ఎక్కించాలి, అది పద్ధతి. దాన్ని దాటేసి ముందుకు పొమ్మనే కమాండ్ కూడా ఉంది, దాన్ని ముట్టుకోవద్దని అందరికీ చెప్పేది అతనే. ఆసుపత్రి వేళ మించిపోతోంది, అక్క జవాబు కోసం చూస్తూ ఉంటుంది, ఒక్కటేగా, అనుకున్నాడు. దాటేశాడు. తర్వాతవన్నీ నీళ్ళలా పోయాయి, హాయిగా లేచి వెళ్ళిపోయాడు. మొరాయించింది ఏ మార్పో చూడనన్నా లేదు. ఆ బస్సు ఇక లేదు అని చెప్పే మార్పు అది. మిగతావన్నీ చెప్పి ఆ ఒక్కటీ చెప్పకపోతే వాడు ఈరోజు కూడా ఆ బస్సుకి సీట్లమ్ముతాడు, జనం సంచులతో స్టాండులో నిలబడతారు, రాని దానికోసం.

నేనే దాటేశాను నిన్న, అన్నాడతను.  ఇతని ఇంట్లో సంగతి ఆమెకి తెలుసు. మీరు వెళ్ళండి సార్, నేను వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ఎక్కిస్తాను, అంది. వద్దు, చేసినవాణ్ణే చెయ్యనీ, అన్నాడు. నడిపోణ్ణి ఆపి, ఆ మార్పుకి ముందు దాచిన కాపీ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. చోటు చేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. దాటేస్తే మార్కుల్లేవు, అనేది అక్క. అక్క లెక్కల టీచరు, బళ్ళో ఉద్యోగానికి చేరకముందే ఇంట్లో ఇతని మీద చెయ్యి సరిచేసుకుంది. వంటింటి బల్ల మీద పలక, పక్కన స్కేలు. జవాబు సరిగ్గానే వచ్చిందిగా అక్కా, అని ఏడిస్తే, జవాబు ఎవడైనా ఎక్కడైనా చూసి రాస్తాడు, మధ్యలో మెట్టేదిరా, అని సున్నా చుట్టేది. ఆ సున్నా ఎంత గుండ్రంగా ఉండేదో. మెట్టు దాటేస్తే పై మెట్లన్నీ గాల్లో ఉన్నట్టేరా తమ్ముడూ. అక్క కళ్ళు తెరిచినప్పటి నుంచీ అతను చెప్పినవన్నీ గాల్లోనే ఉన్నాయి, తిన్నాడు, మందులేసుకున్నాడు, నిన్ను అడిగాడు, అన్నీ. కిందున్న మెట్టొక్కటే చెప్పలేదు. ఇలా ఇంకొన్నాళ్ళు చెప్పుకుంటూ పోతే అక్క దగ్గర ఒక బావ తయారవుతాడు, బుద్ధిమంతుడు, ఎకసెక్కాలు ఆడని వాడు. తర్వాత ఎప్పుడో నిజం చెప్పిన రోజున ఆమె ఇద్దరు మొగుళ్ళ కోసం ఏడవాలి.

కానీ ఆ మెట్టు చెప్పాలంటే దానితో పాటు ఇంకోటి కూడా ఉంది. అసలు మాట. బావ నిజంగానే ఒక మాట చెప్పి పంపాడు. ఇన్నాళ్ళూ లేని మాటలు మోసి, ఉన్న ఒక్క మాటా మింగేశాడు అతను. ఆ పొద్దున బావ మంచం పక్కన అతనొక్కడే ఉన్నాడు. అమ్మ అక్క దగ్గర ఉంది. కిటికీ అవతల ఎదురు బిల్డింగు మీద ఎండ పడుతోంది, దాని లిఫ్టు అద్దాలది, పైకి పోతూ కనపడుతోంది. బావ దాన్నే చూస్తున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. మూడో అంతస్తు దగ్గర కొంచెం ఊగుతోంది చూడు, ఎవడు బిగించాడో, అన్నాడు. తర్వాత కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, బామ్మర్దీ, అన్నాడు. ఏమిటి బావా, అని వంగాడితను. అప్పుడు చెప్పాడా మాట, నవ్వుతూ చెప్పాడు, నవ్వితే నొప్పి పుట్టి మొహం చిట్లించుకున్నాడు. నువ్వే చెబుదువుగాని, అన్నాడతను. నర్సుని పిలవడానికి లేచాడు, తిరిగొచ్చేసరికి గది నిండా మనుషులు, ఇతనికి చోటు లేదు. ఆ మాట ఎలా చెప్పడం. ఒకటి, అది వేళాకోళం. చావు కబురుతో పాటు వేళాకోళం ఎవరు మోసుకెళ్తారు. రెండు, అది చెబితే అదే ఆఖరిదని చెప్పాలి. అందుకే దాన్ని దాటేసి, దాని పైన తిన్నాడు, పడుకున్నాడు, బెంగ వద్దన్నాడు, అన్నీ కట్టుకుంటూ పోయాడు.

తెర మీద ఆ బస్సు మార్పు వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, ఎక్కింది. దాని వెనక మిగతావన్నీ. ఆ బస్సులో పోవాల్సినవాళ్ళకి వేరే బస్సుల్లో సీట్లు, డబ్బు తిరిగిచ్చినవి, కొత్త వేళలు, పండగ రద్దీ, కొన్నవాళ్ళు, మానుకున్నవాళ్ళు, పడుకున్నవాడికి తెలియకుండా లోకం ఎంత తిరిగిందో అంతా. వాడికేమీ బాధ లేదు, అతనికి ఆ క్షణాన నడిపోడి మీద అసూయ పుట్టింది. మేనేజరు ఫోన్ చేసి ఎంతవరకూ వచ్చిందని అడిగాడు. వస్తోందన్నాడు. కాస్త ముందుగా ఆన్‌లైన్ చేసేస్తే ఏమవుతుంది, ఇద్దరి మీదే భారమంతా పడుతోంది కదా, అన్నాడాయన. లేనివి ఉన్నాయని చెబుతాడండీ, అన్నాడితను, గొంతు తనకే వింతగా వినపడింది. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎక్కాల్సిన మార్పుల అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గర ఆగిపోయింది, ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఇంచార్జి మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి పైనుంచి కిందికి వేలు పెట్టి చూసింది. కలిసింది సార్, అంది. అతను నడిపోణ్ణి సర్వీసులోకి తీసుకున్నాడు. ఒక కమాండ్, అంతే, ఇన్ని వారాల ఎదురుచూపుకి. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎక్కడో ఎవరో ఒక సీటు అడిగారు, నడిపోడు చూసి, ఉంది అన్నాడు, నిజంగానే ఉంది. ఇంచార్జి తన పై స్వెట్టరు విప్పి అతని చేతిలో పెట్టింది, ముక్కు తుడుచుకోవడానికో, కప్పుకోవడానికో చెప్పలేదు. అతను దాన్ని కుర్చీకి తగిలించి బయటికి నడిచాడు.

బయట ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆసుపత్రి మెట్ల మీద ఇవాళ కూర్చోలేదు, కూర్చుంటే మళ్ళీ బావ చేత ఏదో ఒకటి అనిపిస్తాడని భయం. లిఫ్టు ఎక్కాడు. మూడో అంతస్తు దాకా వరస కట్టుకుంటూనే ఉన్నాడు, ముందు కారు, తర్వాత ఆసుపత్రి, తర్వాత పొద్దున, తర్వాత. వార్డులోకి వెళ్ళేసరికి వీల్‌చైర్ మడిచి గోడకి ఆనించి ఉంది. ఆవిడే వద్దన్నారండీ, అంది నర్సు, మందుల ట్రే సర్దుకుంటూ. అమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. అక్క తల వెనక దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఎడమకాలు పిండికట్టులో ఉంది. కుడికాలు దుప్పటి కింద.

"అడిగావా?" అంది.

వరసంతా ఎటు పోయిందో పోయింది. "తెలీదక్కా," అన్నాడు.

"నీకు తెలిసే దారి లేదు. అందుకే అడిగాను." అక్క గొంతు బడిలో మాట్లాడినంత నెమ్మదిగా ఉంది. "బెంగ పెట్టుకోకు అన్నారని చెప్పావు చూడు, ఆరోజే తెలిసింది. పద్దెనిమిదేళ్ళలో మీ బావ నాతో అంత బుద్ధిగా ఎప్పుడు మాట్లాడారురా? అయినా ఒక్క పిసరు ఆశ. ఈ ఒక్కదానికైనా జవాబు తెస్తావేమో అని."

అమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. అతను మంచం చివర కూర్చున్నాడు. ఎప్పుడు, అని అడిగింది అక్క. మర్నాడు పొద్దున, అని చెప్పాడు. దగ్గర ఎవరున్నారు అంటే, నేనున్నాను అన్నాడు. తర్వాత కారు సంగతి చెప్పాడు, రక్తం సంగతి చెప్పాడు, ఎదురు బిల్డింగు లిఫ్టు ఊగుతోందన్న సంగతి చెప్పాడు, ఎవరెవరు వచ్చారో, ఏ వేళకి తీసుకెళ్ళారో, ఆ వేళకి అక్క ఊపిరి మిషన్ ఎలా చప్పుడు చేస్తోందో, ఏదీ దాటకుండా చెప్పాడు. అక్క ఏడవలేదు. ఒక్కో మాటకీ తల ఆడించింది, పిల్లవాడు పలక మీద రాస్తుంటే పక్కన నిలబడి చూసినట్టు.

"నాకేమన్నా చెప్పమన్నారా?" అంది చివరికి.

"చెప్పమన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు." అతను అక్క వైపు తిరిగాడు. "మీ అక్కతో చెప్పు, ఈసారి తను అరవకముందే బ్రేకు వేశాను, బండే మాట వినలేదు, అన్నాడక్కా. నవ్వాడు."

అక్క గొంతులోంచి ఏదో వచ్చింది, నవ్వే, సగం దూరం వచ్చి విరిగిపోయింది. "ఇదీ ఆయన మాటంటే," అంది, ఎవరితోనో గొడవపడి గెలిచినట్టు. ఆ తర్వాత మొహం నిలవలేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది, అమ్మ వచ్చి తల ఒళ్ళోకి తీసుకుంది. దుప్పటి కింద కుడికాలు నెమ్మదిగా కదిలింది. మడమ పరుపులోకి దిగింది, పాదం కిందికి నొక్కుకుంది, గట్టిగా, ఇంకా గట్టిగా. అతను దుప్పటి మీద నుంచే ఆ పాదం పట్టుకున్నాడు. అది నొక్కుతూనే ఉంది.